ఒక క్రోమటోగ్రామ్ వాక్యానికి వ్యాఖ్యానం

మూలం: కేటయాన్ ఎక్స్‌ఛేంజ్ కాలమ్‌పై ఉప్పు గ్రేడియంట్‌తో నడిపినప్పుడు ట్రాస్టుజుమాబ్ ఆమ్ల రూపాలు మెయిన్ పీక్‌కు ముందు, క్షార రూపాలు తర్వాత వచ్చాయి.

ట్రాస్టుజుమాబ్: హెర్2 ప్రోటీన్ ఎక్కువగా ఉండే రొమ్ము క్యాన్సర్‌కు 1998లో అమెరికాలో అనుమతి పొందిన యాంటీబాడీ. అణుభారం సుమారు 1,48,000 డాల్టన్లు. దీన్ని చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాలు తయారుచేస్తాయి. జీవకణం చేసిన అణువులు అచ్చు గుద్దినట్టు ఉండవు. తయారయ్యాక నిల్వలో కూడా మారుతూనే ఉంటాయి. ఒకే సీసాలో పలు రూపాలు ఉండటం సహజమే. ఏ రూపం ఎంత ఉందో తెలియకపోవడమే ప్రమాదం.

కేటయాన్ ఎక్స్‌ఛేంజ్ కాలమ్: ఇందులోని రెసిన్ మీద కార్బాక్సిలేట్ లేదా సల్ఫోనేట్ గ్రూపులుంటాయి, వాటిది రుణావేశం. బఫర్ పిహెచ్ 6 దగ్గర ఉంచితే ఈ యాంటీబాడీ నికరంగా ధనావేశంతో ఉండి రెసిన్‌ను పట్టుకుంటుంది.

ఉప్పు గ్రేడియంట్: సోడియం క్లోరైడ్ గాఢతను మెల్లగా పెంచుతారు. సోడియం అయాన్లు పోటీకి రాగానే పట్టు తక్కువున్నవి ముందు, ఎక్కువున్నవి తర్వాత బయటికొస్తాయి. 280 నానోమీటర్ల దగ్గర డిటెక్టర్ వాటిని నమోదు చేస్తుంది. ఉప్పుకు బదులు పిహెచ్‌ను పెంచుతూ పోయే పద్ధతి కూడా వాడుకలో ఉంది.

ఆమ్ల రూపాలు: ఆస్పరజీన్ తన అమైడ్‌ను పోగొట్టుకుని ఆస్పార్టేట్ అయితే ఒక రుణావేశం చేరుతుంది. ట్రాస్టుజుమాబ్ తేలిక గొలుసులో 30వ స్థానంలో జరిగేది ఇదే. మొత్తం అణువు బరువులో వచ్చే తేడా ఒక్క డాల్టన్. లక్షన్నర డాల్టన్ల అణువును విడగొట్టకుండా తూస్తే అంత చిన్న తేడా తేలడం చాలా కష్టం. ఈ కాలమ్ మాత్రం దాన్ని పక్కకు తీసి చూపిస్తుంది. ఈ పద్ధతి మీద నాకున్న గౌరవమంతా ఇక్కడే ఉంది. సయాలిక్ ఆమ్లం, లైసీన్‌కు చక్కెర అంటుకోవడం కూడా ఇటువైపే చేరతాయి.

మెయిన్ పీక్: మార్పులు లేని ప్రధాన రూపం. అయితే ఆవేశాన్ని కదిలించని మార్పులు ఈ పీక్‌లోనే దాగి ఉండగలవు.

క్షార రూపాలు: తొందరపడి తీర్పు చెప్పకూడని చోటు ఇది. బరువు గొలుసు చివర లైసీన్ తెగకుండా మిగిలితే ధనావేశం పెరిగి ఆ రూపం వెనక్కి జరుగుతుంది. గొలుసులు రెండు కాబట్టి సున్నా, ఒకటి, రెండు లైసీన్ల రూపాలు కనిపించవచ్చు. రక్తంలోకి వెళ్లాక ఆ లైసీన్ త్వరగానే తెగిపోతుంది. సాధారణంగా మందు పనికి దానివల్ల నష్టం లేదు. కానీ బరువు గొలుసు 102వ స్థానంలోని ఆస్పార్టేట్ ఐసోఆస్పార్టేట్‌గా మారినా, ఆ రూపం మెయిన్ పీక్ తర్వాతే వస్తుంది. అక్కడ లెక్కకు ఆవేశం మారలేదు, బరువూ మారలేదు. వెన్నెముక బంధం దారి మార్చుకోవడంతో ఉపరితలం మారింది. ఆ స్థానం హెర్2ను పట్టుకునే భాగంలో ఉండటంతో మందు శక్తి బాగా పడిపోతుంది. నిరపాయమైనదీ, హానికరమైనదీ ఒకే వైపు నిలబడ్డాయి. కాబట్టి ‘క్షార రూపాలు ఇంత శాతం’ అన్న ఒక్క అంకెతో బ్యాచ్ నాణ్యతను తేల్చడం సరికాదు. ప్రతి పీక్‌నూ విడిగా సేకరించి, పెప్టైడ్ మ్యాపింగ్ చేసి, కణాల మీద దాని శక్తిని పరీక్షించాలి.

2007లో రిటుక్సిమాబ్ అనే మరో యాంటీబాడీకి బయోసిమిలర్ (మూల మందును పోలిన మందు) తెచ్చిన హైదరాబాద్ లాంటి చోట్ల ఈ తేడాను తేల్చడం రోజువారీ పని. మూల మందుకన్నా లైసీన్ పీక్‌లు ఎక్కువగా కనిపిస్తే చివరి లైసీన్‌ను తెంచే కార్బాక్సిపెప్టిడేజ్ బి ఎంజైమ్ కలిపి మళ్లీ నడుపుతారు. అవి మెయిన్ పీక్‌లో కలిసిపోతే ఆ తేడాకు కారణం లైసీనేనని తేలుతుంది. ఎంజైమ్ వేసినా కదలని పీక్ దగ్గరే అసలు పరిశోధన మొదలవుతుంది.