స్టేడియం కట్టని వరల్డ్ కప్

వరల్డ్ కప్ అనగానే మనకు ముందు క్రేన్లు గుర్తొస్తాయి. గల్ఫ్‌లో ఉన్నోళ్లకైతే మరీను. కానీ 1994లో అమెరికా వరల్డ్ కప్ నడిపినప్పుడు దానికోసమని ఒక్క కొత్త స్టేడియం కూడా కట్టలేదు. ఈ ఎపిసోడ్ ఆ ముచ్చటే.

అక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే వేరే ఆట. దానికోసం కట్టిన పెద్ద స్టేడియాలు ఊరూరా ఉన్నాయి. ఫైనల్ జరిగిన కాలిఫోర్నియా రోజ్ బౌల్ 1922 నాటిది, ఆ రోజు వచ్చినోళ్లు 94 వేల పైమాటే.

చిక్కంతా మిషిగన్‌లోని పాంటియాక్ సిల్వర్‌డోమ్ దగ్గర వచ్చింది. 1975లో తెరిచిన ఈ స్టేడియానికి ఫ్యాన్ల గాలితో నిలబెట్టిన గుడ్డ కప్పు, కింద ప్లాస్టిక్ గడ్డి. ఫిఫా ఏమో పచ్చి గడ్డే కావాలంది. ఎండ తగలని చోట గడ్డి ఎట్లా బతుకుతుంది?

మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ గడ్డి శాస్త్రవేత్తలు ఒక ఉపాయం చేశారు. ఆరు మూలల ఇనుప ట్రేలు, పద్దెనిమిది వందలకు పైగా చేయించి, మట్టి నింపి, బయట పార్కింగ్ స్థలంలో ఎండకు గడ్డి పెంచారు. ఒక్కో ట్రే బరువు టన్నున్నర దాకా. వాటిని లోపలికి మోసి, తేనెపట్టు గదుల్లా ఒకదాని పక్కన ఒకటి బిగించారు. 1993లో జర్మనీ, ఇంగ్లండ్ మ్యాచ్‌తో పరీక్షించి చూసుకున్నారు. 1994 జూన్ 18న అమెరికా, స్విట్జర్లాండ్ అక్కడ 1-1తో ఆడాయి. వరల్డ్ కప్ చరిత్రలో కప్పు కింద జరిగిన మొదటి మ్యాచ్ అది. లోపల ఏసీ లేదు, ఉక్కపోత భరించలేకపోయారట. మనకది కొత్తేం కాదు!

తర్వాత ఆ స్టేడియానికి మంచి రోజులు రాలేదు. 5 కోట్ల 57 లక్షల డాలర్లు పెట్టి కట్టినదాన్ని 2009లో 5 లక్షల 83 వేల డాలర్లకు అమ్మేశారు. 2017లో కూల్చేశారు.

2026 వరల్డ్ కప్‌కి కూడా అమెరికా ఎంచుకున్న 11 స్టేడియాల్లో కొత్తగా కట్టింది లేదు. ఫైనల్‌కి ఎంచుకున్న న్యూజెర్సీ స్టేడియం 2010లో తెరిచిందే. మైదానం చాలక మూలల్లో కుర్చీలు పీకారు, గడ్డి పరిచారు.

ఇప్పుడు ఖతర్ వైపు చూద్దాం. 2022 కోసం ఏడు కొత్త స్టేడియాలు కట్టి, ఒకటి బాగుచేశారు. వాటితోపాటు రోడ్లు, మెట్రో, హోటళ్లు. 2010 తర్వాత పదేళ్లలో అక్కడ దక్షిణాసియా వలసకూలీలు 6,500 మందికి పైగా చనిపోయారని గార్డియన్ పత్రిక 2021లో రాసింది. అది అన్ని పనుల, అన్ని కారణాల లెక్క. స్టేడియం పనిలోనే చనిపోయినవాళ్లు ముగ్గురేనని నిర్వాహకులు చెబుతూ వచ్చారు. టోర్నీకి సంబంధించిన అన్ని పనుల్లో కలిపి 400 నుంచి 500 మంది ఉండొచ్చని 2022 నవంబర్‌లో నిర్వాహకుల పెద్ద అల్ తవాదీయే అన్నాడు. మూడు ఎక్కడ, ఐదొందలు ఎక్కడ? శవంతోపాటు ‘సహజ మరణం’ అని రాసిన కాగితం అందుకున్న ఇళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నాయి.

2034 వరల్డ్ కప్ సౌదీది. వాళ్ల ప్లాన్‌లో 15 స్టేడియాలు, ఎక్కువ కొత్తవే. అంటే మళ్లీ క్రేన్లు, మళ్లీ వీసాలు, మళ్లీ ఏజెంట్లు. సౌదీ రూలు ప్రకారం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదు. మీ సైట్‌లో అది నడుస్తోందా లేదా, వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు, కంపెనీ చెప్పక్కర్లేదు.