ఒమేగా బ్లాక్

గ్రీకు అక్షరమాలలో చివరిది ఒమేగా. ‘ఓ మెగా’ అంటే పెద్ద ఓ. చిన్న ఓ పేరు ఒమిక్రాన్. పెద్దబడి (క్యాపిటల్) అక్షరంగా రాసే ఒమేగా పైన గుండ్రంగా తిరిగి, కింద రెండు పాదాలు బయటికి చాచి నిలబడుతుంది. వాతావరణ శాస్త్రవేత్తలకు ఆ రూపం పై గాలుల పటంలో కనబడింది.

సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పరుగెత్తే జెట్ స్ట్రీమ్ వేల కిలోమీటర్ల పొడవైన మెలికలు తిరుగుతుంది. స్వీడన్‌లో పుట్టిన కార్ల్ గుస్తాఫ్ రాస్బీ 1939లో వీటి నడకను లెక్కకట్టి చూపాడు. అందుకే అవి రాస్బీ తరంగాలు. ఒక్కోసారి మెలిక ఒమేగాలా బాగా ఉబ్బి, కదలకుండా నిలిచిపోతుంది. నడుమ అధిక పీడనం, ఇరువైపులా అల్పపీడనాలు. తూర్పుకు సాగాల్సిన వాతావరణానికి దారి మూసుకుపోతుంది కాబట్టి ‘బ్లాక్’.

నడుమ ఉన్నవారిదే అసలు కష్టం. అక్కడ గాలి కిందికి దిగుతూ, నొక్కుకుపోయి వేడెక్కుతుంది. మబ్బు పట్టదు. నేల ఎండిపోయాక, తడిని ఆవిరి చేయాల్సిన ఎండ కూడా గాలినే కాలుస్తుంది.

‘హీట్ వేవ్’ కంటే ‘బ్లాక్’ అనే పేరే నిజాన్ని బాగా పట్టిందని నా నమ్మకం: ప్రాణాలు తీసేది ఆ నిలిచిపోవడమే. 2010 వేసవిలో రష్యా మీద ఒక బ్లాక్ వారాల తరబడి అలాగే నిలిచింది. జులై 29న మాస్కోలో 38.2 డిగ్రీలు. అదే సమయంలో పాకిస్తాన్‌ను ముంచిన వరదలకూ ఈ అడ్డంకికీ సంబంధం ఉందని పరిశోధకులు చూపారు. మరో బ్లాక్ కింద, 2021 జూన్ 29న కెనడాలోని లిట్టన్ గ్రామంలో 49.6 డిగ్రీలు నమోదైంది. మర్నాడే కార్చిచ్చు ఆ ఊరిని దాదాపుగా బూడిద చేసింది.