ముందు వరుసకు ఎవరు పనికొస్తారు?

రగ్బీ గురించి స్త్రీల పత్రికలో వ్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు. అందులోనూ నేను రాయబోయేది పదిహేను మంది జట్టులో ముగ్గురి ఎంపిక గురించే. 1, 2, 3 నంబర్ల జెర్సీలు వేసుకునే ఆ ముగ్గురినీ ముందు వరుస అంటారు. ఇరుపక్కలా ఉండేవాళ్ళు ప్రాప్‌లు, నడుమ ఉండే మనిషి హుకర్. చిన్న తప్పుకి ఆట ఆగి మళ్ళీ మొదలయ్యేటప్పుడు రెండు జట్ల నుంచీ ఎనిమిదేసి మంది ఒకరినొకరు గట్టిగా పట్టుకుని, వంగి, ముందున్నవాళ్ళు ఎదుటివాళ్ళ భుజాల సందుల్లో తలలు దూర్చి, నెడతారు. అదే స్క్రమ్. వెనకనుంచి తమవాళ్ళ తోపుడూ, ముందునుంచి ఎదుటివాళ్ళ తోపుడూ ఈ ముగ్గురి మెడల మీదా వెన్నుల మీదా కలుసుకుంటాయి. సన్నగా ఉండు, ఒదిగి ఉండు, పక్కకు జరుగు అని ఆడపిల్లకు మనం చెప్పే మాటల్లో ఒక్కటీ అక్కడ పనికిరాదు. అక్కడ బరువు అర్హత, లావు మెడ అర్హత, జరగకపోవడమే పని.

మా బడిలో ఆగస్టు 15 కవాతుకు వరుసలు కట్టించేటప్పుడు లావుగా ఉన్న పిల్లల్ని వెనక్కి పంపేవారు. నాతో చదువుకున్న ఒకమ్మాయి ఐదేళ్ళూ చివరి వరుసలోనే నడిచింది. ఆమెను పిలిచిన పేర్లు రాయను, మీకందరికీ తెలిసినవే. వాళ్ళమ్మ బెంగంతా పెళ్ళి గురించే. ఆ ఒంటికీ ఒక ఆట ఉందనీ, ఆ ఆటలో అటువంటి ఒంటిని వెతుక్కుంటూ వచ్చి మరీ ముందు నిలబెడతారనీ మాలో ఎవరికీ తెలియదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన అమెరికా రగ్బీ క్రీడాకారిణి ఇలోనా మేహర్‌ని, నీ బాడీ మాస్ ఇండెక్స్ 30 ఉంటుందని ఎవరో ఎత్తిపొడిచారు. ఆమె ఆ అంకెను దాచుకోలేదు. ఉంటే ఉంది, ఒలింపిక్స్‌కు వెళ్తున్నది నేనే కదా అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చింది. ఆ సూచీకి మూలం 19వ శతాబ్దంలో బెల్జియం దేశపు గణాంకవేత్త కెటెలే వేసిన లెక్క. ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడో తేల్చడానికి వేసిన లెక్క అది. మనుషుల్ని కొలిచి వరుసలు పెట్టే ఆ శతాబ్దపు అలవాటు మన కొండలదాకా కూడా వచ్చింది. నా ఆసక్తి అక్కడ మొదలైంది.

తెలుగు కథల్లో ఆదివాసీ స్త్రీ చిత్రణ మీద పిహెచ్.డి. చేస్తున్నప్పుడు ఎడ్గార్ థర్స్టన్ ఏడు సంపుటాలూ తిరగేయక తప్పలేదు. 1885 నుంచి 1908 దాకా మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి సూపరింటెండెంట్‌గా ఉన్న మనిషి. 1909లో దక్షిణ భారత కులాల, తెగల మీద ఆయన పుస్తకం వచ్చింది. విశాఖ ఏజెన్సీలోని కోందులు, పొరజలు, గదబలు, బగతలు, కొండదొరలు అందరూ అందులో ఉన్నారు. ఎత్తు, తల పొడవు, ముక్కు వెడల్పు కొలిచే పరికరాలు పట్టుకుని తిరిగిన ఆయన ముందుమాటలో ఒక సంగతి సరదాగా రాసుకున్నాడు. వయనాడులో పనియ స్త్రీలు ఆయన్ని చూసి పారిపోయారట. తమలో బాగున్నవాళ్ళను ఎంచి, చంపి, గడ్డి కూరి మ్యూజియంలో పెడతాడని వాళ్ళ భయం. ఆయనకది నవ్వు తెప్పించింది. నాకు ఆ స్త్రీలు పరిస్థితిని చాలా సరిగ్గా అర్థం చేసుకున్నారనిపించింది. ఎంపిక అనే మాట వాళ్ళకు ఎలా వినిపించిందో ఆ పరుగులో ఉంది.

ఇప్పుడు ఇంకోరకం ఎంపిక గురించి. తూర్పు కనుమల ఆదివాసీ పిల్లలకు రగ్బీ పరిచయమైంది అరకులో కాదు, భువనేశ్వర్‌లో. 1993లో అచ్యుత సామంత మొదలుపెట్టిన కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో. అందరూ ‘కిస్’ అని పిలిచే ఆ ఆశ్రమ విద్యాలయంలో ఒడిశా ఆదివాసీ పిల్లలు వేల సంఖ్యలో ఉండి చదువుకుంటారు. 2007లో అక్కడి మగపిల్లలు లండన్ వెళ్ళి అండర్-14 పాఠశాలల అంతర్జాతీయ టోర్నమెంటు గెలుచుకొచ్చారు. ఆ జట్టుకు పెట్టిన పేరు ‘జంగిల్ క్యాట్స్’. అడవి పిల్లులు! పెట్టినవాళ్ళు ప్రేమగానే పెట్టి ఉంటారు. కానీ ఒక నగరపు బడి పిల్లలు గెలిస్తే ‘అపార్ట్‌మెంట్ పిల్లులు’ అని ఎవరూ పేరు పెట్టరు కదా.

ఆ తర్వాత ఆడపిల్లలు కూడా ఆ మైదానంలోకి వచ్చారు. భారత జట్టుకు ఆడిన కిస్ విద్యార్థినుల్లో బసంతి పాంగి అన్న పేరు చూసి నేను ఆగిపోయాను. పాంగి ఇంటిపేరు కొరాపుట్‌లో ఎంత మామూలో అరకు, డుంబ్రిగూడ వైపు కూడా అంత మామూలు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్ ప్రాంతం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖ ఏజెన్సీలో భాగమే. గీత గీసిన తర్వాత ఒకే కొండకు అటు ఒక ప్రభుత్వం, ఇటు ఒక ప్రభుత్వం. చుట్టరికాలు, సంతలు, పండగలు గీతను పట్టించుకోలేదు. బడులు పట్టించుకున్నాయి. సాలూరు, పొట్టంగి మధ్య కొటియా గ్రామాల తగువు నేటికీ తెగలేదు, అక్కడ రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నవాళ్ళున్నారు. మన దగ్గర జాతీయ జట్టుకు దారి రాష్ట్రం జట్టు మీదుగానే పోతుంది. మరి కొటియా అమ్మాయి ఏ రాష్ట్రం తరఫున ఎంపికకు నిలబడాలో!

సరే, ముందు వరుసకు వద్దాం. భారత మహిళలు చాలాకాలం ఆడింది ఏడుగురి ఆట, అంటే సెవెన్స్. ఏడేసి నిమిషాల రెండు భాగాలు. అందులో స్క్రమ్ అంటే ముగ్గురికి ముగ్గురు, క్షణాల్లో అయిపోతుంది. కావలసింది పరుగు. బిహార్ అమ్మాయి స్వీటీ కుమారి పరుగుపందేల నుంచే రగ్బీలోకి వచ్చింది. 2018 జూన్‌లో సింగపూర్‌లో భారత మహిళలు మొదటిసారి పదిహేను మంది ఆటలోకి దిగారు. ఎనభై నిమిషాల ఆట, ఎనిమిది మంది స్క్రమ్. పరుగు కోసం ఎంచి పెంచిన పిల్లల్లోంచి ఇప్పుడు కదలకుండా నిలబడేవాళ్ళను వెతకాలి. ముగ్గురితో కూడా సరిపోదు. 23 మంది జట్టు పట్టికలో ముందు వరుస ఆడగలవాళ్ళు ఆరుగురు ఉండాలని, ప్రతి స్థానానికీ ఒక మారు మనిషి ఉండాలని నియమం.

ఎంపిక చేసేవాళ్ళు ఏం చూస్తారు? ముందు బరువు, కానీ ఉత్త బరువు కాదు. తుంటి దగ్గర వంగినప్పుడు వీపు బల్లలాగా చదునుగా ఉంటుందా, ఒత్తిడి వచ్చినప్పుడు మధ్యలో గూను లేస్తుందా అని చూస్తారు. మెడ చూస్తారు. కుడి ప్రాప్ తల ఇద్దరు ప్రత్యర్థుల మధ్య ఇరుక్కుని ఉంటుంది, రెండు భుజాల మీదా భారం పడుతుంది. ఎడమ ప్రాప్‌కు ఒక భుజం కాస్త ఖాళీ. చూడ్డానికి ఒకేలా ఉండే ఈ రెండు పనులకూ కావలసిన ఒళ్ళు వేరు, ఓర్పు వేరు. హుకర్ రెండు చేతులూ పక్కవాళ్ళ మీద వేసి వేలాడుతున్నట్టుండి కాలితో బంతిని వెనక్కి లాగాలి. ఆమెకు ఇంకో పని కూడా ఉంది, గీత అవతల నిలబడి గాలిలోకి లేచిన తమ మనిషికి అందేలా బంతి విసరాలి. ఆ మనిషిని గాలిలోకి ఎత్తేవాళ్ళలో ప్రాప్‌లే ముఖ్యం. వంగండి, పట్టుకోండి, కలవండి అని రిఫరీ మూడు మాటలు చెబుతాడు. మూడో మాటకు ముందు కలిస్తే తప్పు. స్క్రమ్ కూలిపోతే విరిగేది మెడ.

అందుకే ఈ ఆటలో ఒక నియమం నాకు ఎంతో ఇష్టం. తగిన శిక్షణ లేని మనిషిని ముందు వరుసలో పెట్టకూడదు. శిక్షణ ఉన్నవాళ్ళు గాయపడి బయటికి వెళ్ళిపోయి, మారు మనిషి లేకపోతే, స్క్రమ్‌లో నెట్టుకోవడమే మానేయిస్తారు. ఊరికే పట్టుకుని నిలబడతారు, అంతే. ఆదివాసీ పిల్లలు పుట్టుకతోనే గట్టివాళ్ళండీ, కొండలెక్కిన కాళ్ళు, బిందెలు మోసిన మెడలు అని ఆమధ్య ఒక సెమినార్‌లో ఒక పెద్దమనిషి మెచ్చుకోలుగా అన్నప్పుడు నాకు ఈ నియమమే గుర్తొచ్చింది. నెత్తిన బిందె నిలువుగా దిగే బరువు. స్క్రమ్‌లో బరువు ఎదురుగా వస్తుంది, ఏటవాలుగా వస్తుంది, మోసం చేస్తూ వస్తుంది. బిందె మోసిన మెడకు అది తెలియదు. నెలలూ సంవత్సరాలూ ఇనుప చట్రాల్ని నెట్టి, పడి, లేచి నేర్చుకోవాలి. పుట్టుకతో వచ్చిందనే మెచ్చుకోలు ఆ నేర్చుకున్న సంవత్సరాల్ని మింగేస్తుంది. థర్స్టన్ కొలతలకూ ఈ మెచ్చుకోలుకూ తేడా మర్యాదలోనే. రెండింటిలోనూ ఆమె ఒళ్ళే ఉంటుంది, ఆమె పని ఉండదు. మన కథకులు కూడా తక్కువేం తినలేదు. కొండమీది స్త్రీ అనగానే చెక్కిన నల్లరాయి, బిగువైన నడుము. ఆ నడుముకు నొప్పి ఉన్న కథ వెతుక్కోవాలి.

థింసా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పోలిక నన్ను చాలారోజులు ఊరించింది. అరకులో థింసా ఆడే స్త్రీలు ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసి గొలుసు కడతారు. తుడుము, మోరి మోగుతుండగా ఒకే కాలు ఒకేసారి నేలను తాకుతుంది. స్క్రమ్‌లో ముందు వరుస పట్టు చూసినప్పుడు అదే గొలుసనిపిస్తుంది. ఇక రాసేయవచ్చు, థింసాలోనే రగ్బీ ఉందని. ఎవరో రాసే ఉంటారు కూడా. కానీ థింసా ఎవరినీ నెట్టదు. అందులో ముసలమ్మా ఉంటుంది, చంటిబిడ్డ తల్లీ ఉంటుంది, ఎంపిక లేదు. అలసినవాళ్ళు చేయి విడిచి పక్కకు వెళ్ళి కూర్చోవచ్చు. ఇవాళ దాన్ని రిసార్టుల ముందు పర్యాటకుల కోసం ఆడుతున్నారు, వచ్చినవాళ్ళు కూడా గొలుసులో దూరి ఫొటోలు దిగుతారు. గీతకు ఇటువైపు ప్రపంచం ముందు ఆ అమ్మాయిల ఒళ్ళు కనిపించడానికి దొరికిన వేదిక అదొక్కటే అయితే, అది వాళ్ళ సంస్కృతి గొప్పతనం గురించే కాదు, మన ప్రభుత్వాల పిసినారితనం గురించి కూడా చెబుతుంది.

అటువైపు అంతా బాగుందని కాదు. పిల్లల్ని వాళ్ళ ఊరికీ భాషకూ భూమికీ దూరం చేసే ఆశ్రమ చదువు మీద ఆదివాసీ కార్యకర్తలు, మానవశాస్త్రవేత్తలు చాలా ప్రశ్నలు వేశారు. గనుల కంపెనీలతో సంబంధాల గురించి అడిగారు. 2023లో కిస్‌లో జరగాల్సిన ప్రపంచ మానవశాస్త్ర మహాసభ నుంచి 2020లో అంతర్జాతీయ సంఘం తప్పుకుంది. మనుషుల్ని కొలిచిన శాస్త్రమే నూరేళ్ళ తర్వాత ఇక్కడ సభ పెట్టడానికి సందేహించింది! నేను ఆ విమర్శలను కొట్టిపారేయలేను. అలాగని ఆ మైదానంలో ఒకమ్మాయి రోజూ కడుపునిండా గుడ్డూ పప్పూ తిని, బరువు పెరిగి, ఆ పెరిగిన బరువుకు చప్పట్లు కొట్టించుకున్న సంగతిని కూడా కొట్టిపారేయలేను. ముందు వరుసకు మనిషిని తయారు చేయాలంటే ఏళ్ళ తరబడి తిండి పెట్టాలి. ఇది చాలా మోటు నిజం. రక్తహీనత పరీక్షల్లో మాత్రమే ఆడపిల్ల బరువు రాసుకునే మన ఏజెన్సీ హాస్టళ్ళలో ప్రాప్ ఎక్కడినుంచి వస్తుంది? ఆ బరువు పుస్తకంలో తక్కువ అనే గడి ఉంటుంది. ఇంత ఉంటే జట్టులోకి అనే గడి ఉండదు.

ఈ ఆటకు మన దేశంలో పాత లెక్క ఒకటుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్ పురుషుల జట్లు పోటీపడే కలకత్తా కప్పు మన వెండి రూపాయల్ని కరిగించి చేసింది. కలకత్తాలో తెల్లవాళ్ళ క్లబ్బు మూతపడుతూ బ్యాంకులో ఉన్న డబ్బును వెండిగా తీసుకుని 1878లో ఆ కప్పు ఇచ్చింది. పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఆ రూపాయల్లో మన్యం శిస్తు ఎంతుందో ఎవరూ చెప్పలేరు.

2019 జూన్‌లో మనీలాలో భారత మహిళలు సింగపూర్‌ను 21-19తో ఓడించారు. పదిహేను మంది ఆటలో అది వాళ్ళ మొదటి గెలుపు. చివరి నిమిషాల్లో పెనాల్టీ కొట్టి గెలిపించింది కిస్‌లో చదివిన సుమిత్రా నాయక్. ఆ వార్తలు దొరికినన్ని చదివాను. సుమిత్ర ఫొటో ఉంది, ఆమె కథ ఉంది, ఉండాల్సిందే. కెప్టెన్ వాహ్‌బిజ్ భరూచా పేరుంది. ఆ ఎనభై నిమిషాలూ స్క్రమ్ ముందు తలలు వంచి నిలబడినవాళ్ళ పేర్ల కోసం వెతికితే నేను చదివిన కథనాల్లో ఒక్కదానిలోనూ కనబడలేదు. జట్టు పట్టిక సంపాదించాలి. అందులో మొదటి మూడు అంకెల పక్కన ఉన్న పేర్లు, ఆ ముగ్గురికీ మారుగా బెంచీ మీద కూర్చున్నవాళ్ళ పేర్లు, వాళ్ళు ఏ ఊళ్ళ నుంచి వచ్చారో, అంతకుముందు ఏ ఆట ఆడేవాళ్ళో, ముందు వరుసకు రమ్మని మొదటిసారి ఎవరు పిలిచారో రాసుకోవాలి. ఈ పత్రిక చదివేవాళ్ళలో కొరాపుట్, పాడేరు వైపు పనిచేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ పనిలో నాకు తోడు కావాలి.