భద్రాచలం అడవి అంచున పరిచర్య: నాడు, నేడు

డిసెంబరు దగ్గరపడుతుండగా మా పత్రికా కార్యాలయానికి ఒకే రకమైన ఫోన్లు వస్తుంటాయి. "అయ్యగారూ, మా సంఘ యవనస్థులం భద్రాచలం ఏజెన్సీకి వెళ్లాలని ప్రార్థిస్తున్నాం. దుప్పట్లు, చీరలు సిద్ధం చేశాం. ఏ గూడెం వెళ్లమంటారు?" అని అడుగుతారు. ఆ ఆసక్తిని బట్టి దేవుని స్తుతిస్తున్నాం. అయితే గూడెం పేరు చెప్పే ముందు ఆ ప్రాంతంలో పరిచర్య ఎలా మొదలైందో, ఇప్పుడు అక్కడ ఎవరుంటున్నారో, ఏ చట్టాలు అమల్లో ఉన్నాయో తెలియజేయడం మా బాధ్యత అనుకుంటున్నాం. అక్కడివారికి ఒక్క రోజు దుప్పట్ల పంపిణీ వల్ల కలిగే మేలు కొంచెమే. ఏళ్ల తరబడి నిలిచే తోడు కావాలి. ఇది మా అభిప్రాయం. కారణాలు కింద వ్రాస్తున్నాం.

ముందుగా చోటు సంగతి. రైల్లో వచ్చేవారు 'భద్రాచలం రోడ్' స్టేషన్‌లో దిగి భద్రాచలం వచ్చేసిందనుకుంటారు. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. భద్రాచలం ఇంకా 40 కిలోమీటర్లు. పాలన విషయంలోనూ ఇలాంటి తికమకే. ఈ తాలూకా 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, తర్వాత మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో మిగిలిన భాగం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. ఒక కోయ కుటుంబం ఇక్కడ ఉంటే, మేనమామ ఇల్లు ఆంధ్రలో, ఆడబిడ్డ ఇల్లు ఛత్తీస్‌గఢ్‌లో ఉండవచ్చు. వారి బంధుత్వాలు మన పటాల ప్రకారం నడవవు.

ఈ అడవికి సువార్త రావడం ఒక ఇంజనీరుతో మొదలైంది. బేరారు ప్రాంతపు పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి చేర్చాలని ఆర్థర్ కాటన్ కాలంలో ఎగువ గోదావరి నౌకాయాన పథకం తలపెట్టారు. నదికి అడ్డుగా ఉన్న రాతి గుట్టలను దాటేందుకు దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, కాలువ పనులు జరిగాయి. ఆ పనుల అధికారి కెప్టెన్ హేగ్ భక్తిగల మనిషి. తన చుట్టూ ఉన్న కోయలకు సువార్త చెప్పేవారు ఎవరూ లేరన్న భారంతో ఆయన ప్రార్థించాడు, చర్చి మిషనరీ సొసైటీకి విజ్ఞాపన చేశాడు. 1860 దశకపు తొలి ఏళ్లలో దుమ్ముగూడెం మిషన్ ఆరంభమైంది. అక్కడ తొలి సువార్తికుడు తెల్లదొర కాడు. హేగ్ కింద ఉద్యోగం చేసిన వెంకటరామరాజు అనే తెలుగు మనిషి ప్రభువును నమ్ముకొని ఈ సేవకు వచ్చాడు, తర్వాత గురువుగా అభిషేకం పొందాడు. మిషన్ చరిత్ర అనగానే దొరల పేర్లే వల్లించే అలవాటు మనకుంది కనుక ఈ పేరును ప్రత్యేకంగా గుర్తుచేస్తున్నాం.

1871లో ప్రభుత్వం నౌకాయాన పథకాన్ని వదిలేసింది. ఓడల కోసం తవ్విన కాలువ వృథా అయింది, ఇంజనీర్లు వెళ్లిపోయారు. మిషన్ మాత్రం అక్కడే ఉంది. 1870లలో వచ్చిన జాన్ కెయిన్ దొర చాలా ఏళ్లు ఆ జ్వరాల నేలలో గడిపాడు. కోయ భాష నేర్చుకున్నాడు. వారి పెళ్లిళ్లు, చావు ఆచారాలు, వేల్పుల కథలు, భాషలోని మాటలు శ్రద్ధగా వ్రాసి 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో ప్రచురించాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు తెచ్చినప్పుడు కోయల అధ్యాయంలో కెయిన్ వ్రాతలనే విరివిగా వాడుకున్నాడు. సువార్త చెప్పడానికి వచ్చినవాడు ముందు వినడం నేర్చుకున్నాడని దీనివల్ల తెలుస్తుంది. మైదానపు పల్లెల్లో మాల, మాదిగ సహోదరులు వేలాదిగా ప్రభువు దగ్గరకు వచ్చిన ఉద్యమాలతో పోల్చితే, కోయల మధ్య సంఘం నెమ్మదిగానే పెరిగింది. లెక్కలు చూసి మిషన్ మూసేసేవారైతే దుమ్ముగూడెం అప్పుడే మూతపడేది.

రెండో ధార డోర్నకల్‌ది. 1903లో తిరునెల్వేలి తమిళ విశ్వాసులు విదేశీ డబ్బు ముట్టకుండా, తమ కానుకలతో, తమ మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. వారు ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని తెలుగు నేల. ఆ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో తానే డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని పరిచర్య చేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందారు. బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చెయ్యి పెట్టించి, 1 కొరింథీయులకు 9:16లో పౌలు తన్ను గూర్చి చెప్పుకున్న మాటను పలికించేవారు. కూలి చేసుకునే స్త్రీ అయినా సరే, తానే ఒక మిషనరీ అని ఆ రోజే తెలుసుకునేది. ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే వ్రాశారు. వండే ముందు పిడికెడు బియ్యం తీసిపెట్టే మన అమ్మల అలవాటుకు, ఏసీ బస్సులో ఒక్క రోజు 'మిషన్ ట్రిప్' వెళ్లివచ్చే అలవాటుకు ఎంత దూరమో పాఠకులే ఆలోచించుకోవాలి.

ఇప్పటి పొలానికి వద్దాం.

2005లో దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుం మొదలయ్యాక, అటు మావోయిస్టులకు ఇటు సాయుధ దళాలకు మధ్య నలిగిన ఆదివాసులు వేల సంఖ్యలో సరిహద్దు దాటి ఇటు వచ్చారు. 2011లో సుప్రీంకోర్టు ఆ దళాలను చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది గాని, వచ్చినవారిలో చాలామంది తిరిగి వెళ్లలేదు. వారినే ఇక్కడ గొత్తికోయలు అంటారు. అడవి లోపల కొద్దిపాటి చోటు చదునుచేసి గుడిసెలు వేసుకున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగగా ఉన్నవారికి తెలంగాణలో ఆ ధ్రువపత్రం దొరకడం కష్టం. పోడు పట్టా రాదు: అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసి 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి సాగులో ఉండాలి. బతుకుదెరువు మిర్చి కోత, తునికాకు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ ములుగు జిల్లా మిర్చి తోటల నుండి బీజాపూర్‌లోని తన ఇంటికి నడిచి బయలుదేరిన 12 ఏళ్ల బాలిక దారిలోనే ప్రాణం విడిచింది. బడిలో ఉండవలసిన పిల్ల.

ఇంకో వైపు కూడా చెప్పాలి. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో పోడు గొడవలో గొత్తికోయల చేతిలో ఒక అటవీ రేంజి అధికారి హతమయ్యారు. ఆయనకూ ఇల్లు, పిల్లలు ఉన్నారు. ఆ తర్వాత గొత్తికోయలందరినీ వెనక్కి పంపాలన్న మాట గట్టిగా వినబడింది. అడవిలో పరిచర్య చేసే దైవసేవకుడు హత్యను హత్య అనాలి. ఒకరి నేరానికి పసిపిల్లలతో సహా గూడెం మొత్తాన్ని శిక్షించడం అన్యాయమనీ చెప్పాలి. రెండూ చెప్పేవాడికి రెండు వైపులా శత్రువులే. అయినా చెప్పక తప్పదు.

వెళ్లదలచిన సంఘాలు కొన్ని సంగతులు గమనించాలి. మొదటిది భాష. కోయ భాష ద్రావిడ భాషే గాని తెలుగు కన్నా గోండికి దగ్గర. గొత్తికోయల మాట ఇక్కడి కోయల మాటకు కొంత వేరు. మైకులో దంచి చెప్పిన తెలుగు ప్రసంగం పెద్దలకు సగం, ఇల్లు దాటని స్త్రీలకు అంతకన్నా తక్కువ అందుతుంది. రెండోది కాలం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది, ఆ తర్వాత తునికాకు కోత. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవిలో ఉంటారు. ఉదయం 10 గంటలకు కూడిక పెట్టి, ఎవరూ రాలేదని నొచ్చుకుంటే తప్పు ఎవరిది?

భూమి విషయం మరీ జాగ్రత్త. షెడ్యూల్డు ప్రాంతంలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు స్థలం కొనడం చెల్లదు. మందిరం కోసమైనా చెల్లదు. విశ్వాసి పేరున కొని మనం వాడుకుందామనే ఆలోచన కొందరు సేవకులకు వస్తుంది. అది బినామీ, ఆదివాసి భూమిని కాపాడే చట్టానికి తూట్లు పొడవడం. మందిరం కట్టవలసి వస్తే అక్కడి సంఘమే, అక్కడి పెద్దల అంగీకారంతో, తమ భూమిలో, తమ యాజమాన్యంలోనే కట్టుకోవాలి. అలాగే పిల్లలను "చదివిస్తాం" అని మైదానాల హాస్టళ్లకు తీసుకువెళ్లడం. 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద పిల్లల సంరక్షణ గృహాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేని చోట పిల్లలను ఉంచడానికి ఏ ఉద్దేశమూ సాకు కాదు. దగ్గరలోని ఆశ్రమ పాఠశాలలో సీటు ఇప్పించి, నెలకోసారి వెళ్లి ఆ పిల్లవాణ్ణి పలకరించి రావడం చాలా మేలు.

మతం మారితే గిరిజన హోదా పోతుందని గూడేల్లో కొందరు భయపెడుతుంటారు. షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. 1950 నాటి షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో అటువంటి షరతు లేదు. విశ్వాసులకు ఈ తేడా విడమరచి చెప్పండి. తమ తెగను, భాషను, మంచి ఆచారాలను వదులుకోమని మాత్రం వారిని అడగకండి.

సహాయానికి షరతు పెట్టడం గురించి ఒక్క మాట. బియ్యం మూట చుట్టూ నిలబెట్టి ఫోటో తీసి, చేతులెత్తించి ప్రార్థన చేయించి, ఇన్ని ఆత్మలని నివేదిక పంపడం మాకు సిగ్గుగా ఉంటోంది. లూకా 10లో సమరయుడు గాయపడినవాని ఊరు, మతం అడగలేదు. పూటకూళ్లవానికి డబ్బిచ్చి, తిరిగి వస్తానని మాట కూడా ఇచ్చాడు. ఆ తిరిగి రావడమే మన యాత్రల్లో కనబడడం లేదు. అడిగినవారికి మన నిరీక్షణకు కారణం తప్పక చెబుదాం. అన్నం మాత్రం అడగనివారికీ పెట్టాలి.

చేయదగిన పనులకు కొదువ లేదు. క్షయ రోగులకు చికిత్స ఉచితమే గాని, ఆరు నెలలు మందులు మింగే ఒంటికి తిండి కావాలి. 2022లో మొదలైన 'నిక్షయ్ మిత్ర' పథకం కింద ఏ సంస్థ అయినా, సంఘమైనా రోగిని దత్తత తీసుకొని నెలనెలా ఆహారం అందించవచ్చు. ఐదుగురు రోగులు, ఆరు నెలలు: దుప్పట్ల యాత్రకు అయ్యే బస్సు ఖర్చు ఇందులో చాలా భాగం భరించగలదు. సికిల్‌సెల్ రక్తహీనత ఆదివాసుల్లో ఎక్కువ. 2023లో కేంద్రం ప్రారంభించిన కార్యక్రమంలో 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. గూడెం నుండి పరీక్షా కేంద్రానికి బండి కట్టి తీసుకువెళ్లే మనిషి ఒకడు కావాలి, అంతే.

ఇక వరద. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. 2022లో ఒడ్డున ఉన్న ఎన్నో ఊళ్లు నీళ్లలో ఉండిపోయాయి. మెట్టమీద మందిరం ఉన్న ప్రతి సంఘమూ జూన్‌లోనే నాలుగు టార్పాలిన్లు, ఒక బస్తా బియ్యం, పెద్ద గిన్నెలు సిద్ధం చేసుకోవాలి. ఏ మతంవారు వచ్చినా పడుకోవడానికి చోటు చూపాలి. మందిరం తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో పంచాయతీ కార్యదర్శికి, ఆశా కార్యకర్తకు ముందే చెప్పి ఉంచండి.