మన చెరువు చేపకు సోయా ఎక్కడి నుంచి వచ్చింది?

ఇయ్యాల టాపిక్ వినగానే కొంతమందికి నవ్వొస్తది. చేపల మేతకు చరిత్ర ఏంది అని. కానీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు యూత్‌లో చాలామంది ఇప్పుడు రెండు గుంటల్లోనో, ఇంటి వెనక ట్యాంకులోనో చేపలు పెంచాలని చూస్తున్నారు. ఆ లెక్కలో సగానికి పైగా ఖర్చు మేతదే. ఆ మేత ధర మన ఊర్లో డిసైడ్ అవ్వదు. ఎక్కడ డిసైడ్ అవుతుందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ముందు కాకతీయుల దగ్గర ఆగుదాం. భూపాలపల్లి జిల్లా గణపురంలో గణపసముద్రం ఉంది. మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం చెరువు ఉంది. బయ్యారం చెరువు దగ్గరి శాసనం గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించింది. కాకతీయుల వంశవృక్షం గురించి చరిత్రకారులకు చాలా సంగతులు ఆ శాసనం నుంచే తెలిశాయి. అంటే ఈ చెరువుల వయసు దాదాపు 800 ఏళ్లు. ఇవి ముందు పొలాల కోసం కట్టినవి. చేప దాంతోపాటు దొరికిన లాభం.

ఇన్ని వందల ఏళ్లు ఆ చేపకు మేత ఎవరు వేశారు? ఎవరూ వెయ్యలేదు. వానకు కొట్టుకొచ్చిన పేడ, ఆకు, మట్టి నీళ్లలో కలిస్తే నాచు పుడుతుంది. నాచును తిని కంటికి కనబడనంత చిన్న పురుగులు పుడతాయి. బొచ్చె పైనీళ్లలో తింటుంది, రవ్వ మధ్యలో తింటుంది, మ్రిగాల అడుగున తింటుంది. పర్ఫెక్ట్ సిస్టమ్, మెయింటెనెన్స్ ఖర్చు జీరో. కానీ దానికి ఒక లిమిట్ ఉంది. నీళ్లలో ఎంత తిండి పుడితే అంత చేపే వస్తుంది.

ఇప్పటికీ మన ఊరి చెరువుల్లో చాలావరకు ఇదే పద్ధతి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీశారు. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు జనగామ వైపు చెరువుల్లోకి వచ్చాయి. 2016 నుంచి ప్రభుత్వం ఫ్రీగా చేపపిల్లలు ఇవ్వడం మొదలుపెట్టింది. ముదిరాజ్, గంగపుత్ర సొసైటీలు పిల్లలను వదులుతాయి, నీళ్లు తగ్గినాక పడతాయి. మధ్యలో మేత బస్తా కొనే పని పెద్దగా ఉండదు.

మరి మేత ఎక్కడ మొదలైంది? మన తెలుగు నేల మీదనే, కానీ కొల్లేరు దగ్గర. దానికి ముందు ఒక చిన్న బ్రేక్‌త్రూ ఉంది. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి అనే సైంటిస్టు మన కార్పు చేపలకు హార్మోన్ ఇచ్చి గుడ్లు పెట్టించారు. అప్పటిదాకా పిల్లల కోసం నదుల్లో వెతుక్కోవాల్సి వచ్చేది. అందుకే జులై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటాం. పిల్లలు కావాల్సినన్ని దొరకడంతో చెరువులో ఎక్కువ వదిలారు. ఎక్కువ వదిలితే నీళ్లలో పుట్టే తిండి చాలదు. అప్పుడు మేత మొదలైంది.

1970లు, 80లలో కొల్లేరు రైతులు పెట్టింది తవుడు, పల్లి చెక్క, పత్తిగింజ చెక్క. వాళ్లు ఒక సూపర్ టెక్నిక్ కనిపెట్టారు. సంచికి చిల్లులు పెట్టి, తవుడు నింపి, చెరువులో కర్రలకు వేలాడదీస్తారు. చేప వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకొని తింటుంది. మేత బురదలో కలిసిపోదు. ఏ సంచి ఖాళీ అయ్యిందో చూస్తే చేప ఎంత తింటుందో తెలిసిపోతుంది. ఈ పద్ధతిలో సరుకంతా మన రైస్ మిల్లుల నుంచి, నూనె మిల్లుల నుంచి వచ్చిందే. అంటే మేత ధర మన చుట్టుపక్కలే ఉండేది.

ఇప్పుడు సీన్ పెరూ దేశానికి మారుతుంది. సముద్రంలో ఆంకోవెటా అనే చిన్న చేప. దాన్ని ఎండబెట్టి పొడి చేసి ప్రపంచమంతా కోళ్లకు, పందులకు పెట్టేవారు. 1970లో పెరూ కోటి టన్నులకు పైగా పట్టింది. 1972లో ఎల్ నినో వచ్చింది, నీళ్లు వేడెక్కాయి, అప్పటికే విపరీతంగా పట్టేసి ఉన్నారు. 1973కి పట్టుబడి సుమారు 20 లక్షల టన్నులకు పడిపోయింది. చేప పొడి లేకపోతే ప్రోటీన్ కోసం అందరూ సోయా మీద పడ్డారు. ధర ఎంత పెరిగిందంటే, 1973 జూన్‌లో అమెరికా సోయా ఎగుమతులనే ఆపేసింది. కొన్ని రోజుల్లోనే సడలించింది కానీ జపాన్‌కు షాక్ తగిలింది. ఒకే దేశం మీద ఆధారపడొద్దని బ్రెజిల్‌లో సోయా సాగుకు డబ్బులు పెట్టింది. ఇయ్యాల బ్రెజిల్ సోయాలో నంబర్ వన్. చూడండి, ఒక చిన్న చేప తగ్గితే ప్రపంచంలో పొలాల మ్యాపే మారిపోయింది.

సోయా చెక్కలో అంత స్పెషల్ ఏముంది? నూనె తీసినాక మిగిలే చెక్కలో 44 నుంచి 48 శాతం ప్రోటీన్. తవుడులో అందులో మూడో వంతు కూడా ఉండదు. కానీ పచ్చి సోయా పెడితే పని కాదు. ప్రోటీన్‌ను అరగనివ్వని పదార్థం అందులో ఉంటుంది. వేడి చేసిన సోయా తింటేనే ఎలుకలు బాగా పెరుగుతాయని 1917లోనే ఆస్బోర్న్, మెండెల్ అనే ఇద్దరు చూపించారు. అందుకే మిల్లులో ఉడికించాలి. తక్కువ ఉడికితే అరగదు, ఎక్కువ మాడితే లైసిన్ పాడవుతుంది. మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం సోయాలో తక్కువ, దాన్ని విడిగా కలపాలి. సోయాలోని భాస్వరం చాలావరకు చేపకు అందదు, నీళ్లలోకి పోయి నాచు పెంచుతుంది.

చేపను బట్టి కూడా కథ మారుతుంది. రవ్వ, బొచ్చె జాతికి మనకున్నట్టు కడుపు సంచి ఉండదు, పొడుగు పేగే ఉంటుంది. మొక్కల తిండి బాగానే అరుగుతుంది. కాబట్టి సోయా వాటికి సెట్ అవుతుంది. మన రాష్ట్ర చేప కొర్రమీను అలా కాదు, అది వేటాడి తినేది. దానికి ప్రోటీన్ ఎక్కువ కావాలి, ఒక్క సోయాతో నడవదు. "కొర్రమీను పెట్టు, కోట్లు కొట్టు" అనే వీడియోలు చూసేటప్పుడు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మన దేశానికి పసుపు సోయా పెద్ద ఎత్తున వచ్చింది 1960లలో. పంత్‌నగర్, జబల్‌పూర్ యూనివర్సిటీలు అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీతో కలిసి రకాలను పరీక్షించాయి. మధ్యప్రదేశ్ సోయా రాజ్యమైంది. తెలంగాణలో ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు పండుతుంది. ఇక 2000ల తర్వాత ఆంధ్రలో నీళ్ల మీద తేలే మేత మెషీన్లు వచ్చాయి. ఆవిరితో ఉడికించి, ఒత్తిడితో బయటికి నెడితే గుళిక ఉబ్బి తేలుతుంది. చేప తింటుందో లేదో పైనుంచే కనబడుతుంది. ఆ గుళికలో ప్రోటీన్ ఎక్కువగా సోయాదే. సంచిలో తవుడు పోయి బస్తాలో గుళిక వచ్చింది.

దాంతోపాటు ధర కూడా మన చేతి నుంచి పోయింది. 2021లో ఏం జరిగిందో చూడండి. క్వింటాల్ సోయా గింజలు 10,000 రూపాయలు దాటాయి. కోళ్ల ఫారాలు, మేత మిల్లులు గగ్గోలు పెట్టాయి. ఆగస్టులో కేంద్రం మొదటిసారిగా జన్యుమార్పిడి సోయా చెక్క 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతి ఇచ్చింది. సోయా పండించే రైతులేమో మా ధర పడగొట్టారన్నారు. ఇద్దరి బాధా నిజమే.

ఒక చిన్న లెక్క వేద్దాం, కేవలం ఉదాహరణకు. మేతలో 30 శాతం సోయా చెక్క ఉందనుకోండి. చెక్క కిలోకు 40 రూపాయలు పెరిగితే, మేత కిలోకు 12 పెరుగుతుంది. కిలో చేపకు కిలోన్నర మేత పడితే, చేప మీద 18 రూపాయలు. టన్ను చేపకు 18,000. మహబూబాబాద్ మార్కెట్లో చేప కొనే అక్కకు ఇండోర్ సోయా రేటుతో పని లేదు, పాత రేటే ఇస్తుంది. ఆ 18,000 పెంచినోడి జేబులోంచే పోతాయి.

అందుకని సోయా మంచిదా చెడ్డదా అన్నది కాదు పాయింట్. అది లేకపోతే ఇంత చేప సముద్రాన్ని ఊడ్చకుండా రాదు. కానీ మొత్తం మేత మీదే నడిచే ట్యాంకు పెట్టినప్పుడు, మీరు ఇండోర్ మీద, బ్రెజిల్ వానల మీద కూడా పందెం కాస్తున్నట్టే. మట్టి చెరువులో నీళ్లే కొంత తిండి పెడతాయి, దెబ్బ కొంచెం తగ్గుతుంది. అప్పు తీసుకునే ముందు మేత రేటు పెరిగితే తట్టుకోగలమా అని ఒక్కసారి కాగితం మీద లెక్క రాసుకోండి. ఖమ్మం జిల్లా పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం ఉంది, మనకు దగ్గరే, వెళ్లి అడగండి. మీ ఊరి సొసైటీలో ముప్పై ఏళ్లుగా వల వేస్తున్న పెద్దమనిషినీ అడగండి. ఆయనకు ఏ నీళ్లలో ఏ చేప బతుకుతుందో తెలుసు.

ఈ ఎపిసోడ్ చేపల ట్యాంకు ప్లాన్‌లో ఉన్న మీ దోస్తుకు పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.