ఆనంద గజపతి లేఖ (1758)

విజయనగర సంస్థానాధీశ్వరుడైన పూసపాటి ఆనంద గజపతి రాజు, ఉత్తర సర్కారులనుండి ఫ్రెంచివారిని వెడలగొట్టుటకు సైన్యము పంపుడని 1758లో తొలుత చెన్నపట్టణపు ఆంగ్లేయులకును, పిదప వంగదేశమున నున్న రాబర్టు క్లైవునకును వ్రాసి పంపిన ఆహ్వానము. ఈ తీరమున అంతవరకు వర్తకపు కోఠీలతో తృప్తిచెందియుండిన ఈస్టిండియా కంపెనీకి రాజ్యాధికారపు త్రోవ చూపినది ఈ పత్రమే.

దీనికి మూలము బొబ్బిలి యుద్ధమున కలదు. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ సేనల తోడ్పాటుతో బొబ్బిలికోటను కూల్పించిన నాటి విజయనగరపు రాజు పెద విజయరామరాజు, కొలది దినములకే తన డేరాలో బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయని కత్తికి బలికాగా, బుస్సీ ఆనంద గజపతిని గద్దె నెక్కించెను. కాని పూర్వపురాజు చేతిలో నుండిన శ్రీకాకుళ, రాజమహేంద్రవరముల పెత్తనమును మాత్రము అతనికి దక్కనీయలేదు. ఈ అవమానమును మనసున నిలుపుకొనిన ఆనంద గజపతి, 1758 వేసవిలో ఫ్రెంచి సర్వసేనాని లాలీ ఆజ్ఞపై బుస్సీ దక్షిణమునకు తరలిపోగా, సర్కారులలోని ఫ్రెంచిసేన కాన్‌ఫ్లాన్సు వశమైనంతనే, విశాఖపట్టణముపై బడి, వెనుకటియేడు బుస్సీ ఆంగ్లేయులనుండి గైకొనిన ఆ రేవును పట్టుకొని, అచట ఆంగ్లేయుల పతాకము నెత్తించెను. గెలిచిన రేవును చేతబట్టుకొని వ్రాసిన ఈ లేఖను దిక్కులేనివాని మొరగా భావించుట న్యాయము కాదు. అది ఒక రాజు మరియొక శక్తితో సాగించిన బేరము.

ఆ కాలమున కరణాల లెక్కలును గృహస్థుల వ్యవహారములును తాటాకులపై గంటముతో వ్రాయబడుచుండగా, సంస్థానములకును కంపెనీకిని నడుమ నడచు లేఖలు సాధారణముగా మున్షీలచే పారసీకమున కాగితముపై వ్రాయబడి, రాజముద్రతో హర్కారాల చేతికి చేరుచుండెను. ఈ లేఖా వృత్తాంతము మనకు నిలుచుటకు ముఖ్యకారకుడు రాబర్టు ఆర్మ్. హిందూస్థానమున ఆంగ్లేయుల సైనిక వ్యవహారములను గూర్చి అతడు రచించిన చరిత్రయొక్క రెండవ సంపుటము 1778లో వెలువడినది. అతడు 1758 వరకు చెన్నపట్టణపు కౌన్సిలులో సభ్యుడైయుండుటచే, ఆ సభ వ్యవహారములను దగ్గరనుండి చూచినవాడు. అతని వ్రాతప్రతులు నేడు లండనులోని బ్రిటిషు లైబ్రరీలోను, క్లైవు పత్రములలో పెక్కులు వేల్సు జాతీయ గ్రంథాలయములోను భద్రముగా నున్నవి. మన రాజుల రాజకీయమును తెలిసికొనుటకు మనము సముద్రములు దాటి వెదకవలసివచ్చుట విచారకరమే అయినను, ఆ దఫ్తరములు లేకున్న ఈ మాత్రమును మిగిలియుండెడిది కాదు.

లాలీ దండయాత్రకు బెదరియున్న చెన్నపట్టణమువారు సాయము చేయజాలకపోయిరి. క్లైవు మాత్రము, సర్కారులలో యుద్ధము రగిల్చినచో లాలీ బలము చీలునని యెంచి, తన కౌన్సిలు వారించినను లెక్కింపక, అయిదువందలమంది ఐరోపీయులతోను రెండువేల సిపాయీలతోను కర్నల్ ఫోర్డును ఓడలపై పంపెను. అక్టోబరులో విశాఖపట్టణమున దిగిన ఫోర్డును రాజు కశింకోట యొద్ద కలిసికొనెను. సైన్యపు ఖర్చునకు నెలకు ఏబదివేల రూపాయలును, అధికారులకు ఆరువేలును రాజు చెల్లించునట్లును, జయించిన దేశములో లోపలి భూములు రాజునకును తీరపురేవులు కంపెనీకిని చెందునట్లును ఒడంబడిక జరిగెను. పైకము సకాలమున అందకపోవుటచే సేన పలుమారు నిలిచిపోయినను, డిసెంబరులో పిఠాపురము సమీపమున చందుర్తి యొద్ద ఫ్రెంచివారు ఓడిరి. 1759 ఏప్రిలులో బందరుకోట ఫోర్డు వశమయ్యెను. మే 14న నిజాము సలాబతుజంగు ఆంగ్లేయులతో సంధి చేసికొని, ఫ్రెంచివారిని తన రాజ్యమున ఉండనీయనని మాటయిచ్చెను.

ఆనంద గజపతి ఈ ఫలమును చిరకాలము అనుభవింపలేదు. 1760లో మశూచికముచే మరణించెను. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలము ఫర్మానుతో ఉత్తర సర్కారులు కంపెనీకి దత్తమయ్యెను. ఆనంద గజపతి అనంతరము గద్దెనెక్కిన చిన విజయరామరాజు, పేష్కషు (కప్పము) బకాయిలకై కంపెనీ ఒత్తిడి హెచ్చగా, చెన్నపట్టణమునకు తరలిపొమ్మన్న ఆజ్ఞను తిరస్కరించి, 1794 జూలై 10న పద్మనాభము యొద్ద కర్నల్ ప్రెండర్గాస్టు నడిపిన కంపెనీ సేనతో పోరాడుచు నేలకొరిగెను.