ఇంప్లాంట్ ఉపరితలపు గరుకుదనం, ఎముక కణాలు

పన్ను ఊడిన చోటో, అరిగిన తుంటి కీలులోనో అమర్చే ఇంప్లాంట్ ఎముకతో ఎంత గట్టిగా కలిసిపోతుందన్నది దాని లోహంతో పాటు ఉపరితలపు గరుకుదనం మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఉపరితలంలోని మిట్టపల్లాల సగటు ఎత్తును మైక్రోమీటర్లలో కొలిచి గరుకుదనాన్ని లెక్కగడతారు.

కణాలు తాము ఆనుకున్న ఆధారాన్ని బట్టి నడుచుకుంటాయని 1910లలోనే తెలిసింది. సాలెగూటి పోగుల మీద పెంచిన పిండ కణాలు ఆ పోగుల వెంబడే సాగడాన్ని అమెరికా శాస్త్రవేత్త రాస్ హారిసన్ గమనించారు. ఎముకల విషయంలో మలుపు 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో వచ్చింది. పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో అమర్చిన టైటానియం పరికరం, ప్రయోగం ముగిశాక ఊడి రాలేదు. ఎముక దాన్ని అతుక్కుని పెరిగింది. 1965లో ఆయన తొలిసారి ఒక రోగి దవడలో టైటానియం మరలు బిగించారు. లేత్ మీద తయారైన ఆ మరలు కంటికి నున్నగా ఉన్నా, వాటి మీద పనిముట్టు వదిలిన సన్నని గాట్లు ఉండేవి. వాటి మీద పన్ను అమర్చాలంటే మూడు నుంచి ఆరు నెలలు ఆగవలసి వచ్చేది.

1970లలో స్విట్జర్లాండ్‌లో ఆండ్రే ష్రోడర్ బృందం కరిగిన టైటానియం తుంపరలను ఇంప్లాంట్ మీద చిమ్మి గరుకు పూత వేసింది. ఇంప్లాంట్ నిలవడానికి కావలసిన ఆరు అంశాల్లో ఉపరితలపు తీరు ఒకటని 1981లో థామస్ ఆల్‌బ్రెక్ట్‌సన్, సహచరులు పేర్కొన్నారు. డానియల్ బూసర్ బృందం 1991లో చిన్న జాతి పందుల కాలి ఎముకల్లో వివిధ ఉపరితలాలను పోల్చి చూసింది. నునుపు చేసిన టైటానియాన్ని 20 నుంచి 25 శాతం మేర మాత్రమే ఎముక తాకింది. ముతక రేణువులతో కొట్టి, ఆమ్లంలో ముంచి తీసిన ఉపరితలంపై అది 50 నుంచి 60 శాతానికి చేరింది. ఈ పద్ధతి 1990ల చివర్లో వైద్యంలోకి వచ్చింది; ఎముక బాగున్న చోట నిరీక్షణ ఆరు వారాలకు తగ్గింది.

కారణం కణాల స్థాయిలో తేలింది. 1990లలో బార్బరా బోయాన్, జ్వీ ష్వార్ట్జ్ ఎముక కణాలను పోలిన కణాలను రకరకాల గరుకుదనం గల టైటానియం బిళ్లల మీద పెంచారు. గరుకు పెరిగే కొద్దీ కణాల సంఖ్య తగ్గింది. ఎముక నిర్మాణానికి గుర్తులైన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఆస్టియోకాల్సిన్ మాత్రం పెరిగాయి. అంటే గరుకుతనం కణాల సంఖ్యను పెంచదు. విభజన తగ్గించి, పరిణతి చెంది ఎముకను నిర్మించే దిశగా వాటిని నడిపిస్తుంది. కణపు పొరలోని ఇంటిగ్రిన్ ప్రోటీన్లు ఉపరితలాన్ని పట్టుకునే తీరు, ఆ పట్టును బట్టి కణం ఆకారంలో వచ్చే మార్పు ఇందుకు మూలం. శరీరంలో మరో లాభమూ ఉంది: గాయం మానేటప్పుడు గడ్డకట్టిన రక్తపు ఫైబ్రిన్ పోగులు గరుకు ఉపరితలాన్ని విడవకుండా పట్టుకుంటాయి. వాటి మీదుగా కణాలు ఇంప్లాంట్ దాకా పాకి, అక్కడే ఎముకను నిర్మించడం మొదలుపెడతాయి.

2007 నాటికి దృష్టి నానోమీటర్ల వైపు మళ్లింది. గ్లాస్గోలో మాథ్యూ డాల్బీ బృందం 120 నానోమీటర్ల వ్యాసం గల గుంటలను ప్లాస్టిక్ మీద అచ్చు వేసింది. గుంటల వరుసను కొద్దిగా చెదరగొట్టినప్పుడు, ఎముకగా మారమని ప్రేరేపించే రసాయనాలేవీ కలపకుండానే మూలకణాలు ఎముక ఖనిజాన్ని తయారుచేశాయి.

గరుకుతనానికి హద్దూ ఉంది. ఒకటి నుంచి రెండు మైక్రోమీటర్ల మధ్యస్థ గరుకుదనం వద్ద ఎముక స్పందన బలంగా ఉంటుందని ఆన్ వెన్నెర్‌బెర్గ్, ఆల్‌బ్రెక్ట్‌సన్‌ల సమీక్షలు తేల్చాయి. అంతకు మించితే లాభం పెరగదు. పైగా చిగురు జారి ఇంప్లాంట్ నోట్లోకి బయటపడితే, గరుకు ఉపరితలం మీద బ్యాక్టీరియా సులువుగా పేరుకుంటుంది. అందుకే కొన్ని దంత ఇంప్లాంట్లలో ఎముకలో దిగే భాగాన్ని గరుకుగా, చిగురు దగ్గరి మెడ భాగాన్ని నున్నగా తయారుచేస్తారు.